పాంపేయోళ్లు కీడు వంటకు పోలే

ట్రాయ్ నగరం కూలిన సంగతి నేను గుర్రాల కొట్టంలో నిలబడి చెప్పిన. ఇందులో గొప్పతనం ఏమీ లేదు. మా బడి ఉన్నదే గుర్రాల కొట్టంలో. పోలీసు యాక్షన్ తర్వాత దొర పట్నం పోయిండు. గుర్రాలు ఎటు పోయినయో ఎవరూ చెప్పలే. గడీలో మిగిలిన ఆ పొడుగు కొట్టానికి సున్నం కొట్టి, సర్కారు బడి అని బోర్డు పెట్టిన్రు. తర్వాత రాష్ట్రం పేరు మారింది గానీ బోర్డు మీద పాత రాష్ట్రమే ఉండిపోయింది. హైదరాబాదులో చరిత్రతో బి.ఏ. చేసి, మెట్‌పల్లి నుంచి ఎడ్లబండి మీద సగం పూట దూరమున్న ఆ ఊరికి సారుగా వచ్చిన నాకు, ప్రపంచం మొత్తాన్ని ఆ కొట్టంలోకి తోలుకొచ్చే పని అప్పజెప్పిన్రు.

పొద్దున పిల్లలకు చెప్పింది మాపటికి ఊరంతా తెలిసేది. తెలిసి ఊరుకునేది కాదు, తీర్పు చెప్పేది. కోట ముందర చెక్క గుర్రాన్ని వదిలిపెట్టి పోయినట్టు నటించిన్రనీ, దాని కడుపులో సిపాయిలు దాక్కున్నరనీ చెప్పిన మరునాడు పటేల్ నన్ను చావడి కాడ ఆపిండు. పటేల్ అంటే మా ఊరి పెద్ద. పటేలుగిరీ తాతల నాటి నుంచి వాళ్లింట్లోనే ఉన్నది. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటకే ఊరు లేచి నిలబడేది.

"సారూ, గా గుర్రం కడుపుల మంది ఎంతసేపున్నరు?"

"పొద్దుగూకినప్పటి నుంచి అందరూ పండుకునేదాక, పటేలా."

"ఒక్కనికి గూడ దగ్గు రాలేదా?"

దగ్గు సంగతి నా నోట్సులో లేదు. పుస్తకంలోనూ లేదు.

"మనోళ్లనైతే ఎక్కియ్యకపోదుము," అని ఆయన తేల్చిండు. "జరసేపు కాకముందే బీడి అడుగుతరు."

పిరమిడ్లది ఇంకో పంచాయితీ. ఆ తీర్పు మా ఇంట్లోనే అయింది. చచ్చిపోయిన రాజు పక్కన గోధుమలు, రొట్టెలు, నగలు పెట్టి రాళ్లు పేర్చిన్రని మా ఇంటామెతోని చెప్పిన. "మరి తిన్నడా?" అని అడిగింది. తినలేదు, వేల ఏండ్ల తర్వాత తవ్వితే గింజలు పెట్టినవి పెట్టినట్టే దొరికినయి అన్న. "వంట నచ్చనట్టున్నది," అన్నది. ఆమె నాకంటే తక్కువ చదివింది, నాకంటే ఎక్కువ నవ్వించేది. ఇది నాకు ఇష్టమైన సంగతే గానీ బయట చెప్పుకునేవాణ్ని కాదు. ఆ శ్రావణానికి ఆమెకు నెలలు నిండవస్తుండె. మా తొలి కానుపు. పుట్టింటికి తోలుదామంటే వాగులు పొంగి ఆ దిక్కు తొవ్వ తెగింది. అందుకని అక్కడనే ఉన్నది.

పాంపేయి పాఠం చెప్పిన వారం మాత్రం ఎవరూ పరాచికాలాడలే.

సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఊరి వెనుక ఒక కొండ. కొన్ని దినాల ముందునుంచే భూమి అదిరింది, బావులు ఎండినయి. మంది గోడల పగుళ్లు పూడ్చుకొని ఎవరి పని వాళ్లు చేసుకున్నరు. ఒకనాడు కొండ పగిలి, ఊరి మీద బూడిద వాన కురిసింది. ఇండ్లు నిండినయి, కప్పులు మునిగినయి. వందల ఏండ్ల తర్వాత తవ్వి తీస్తే పొయ్యిలో పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉన్నది. గొలుసు తెంపుకోలేని కుక్క వంకర తిరిగిన తీరు తీరుగనే ఉన్నది. దర్వాజ కాడ కావలి సిపాయి ఒకడు, పొమ్మనే హుకుం రాలేదని, నిలబడ్డ కాడనే ఉండిపోయిండని కూడ చెప్పుకుంటరు. నేను ఇదంతా మంచి రంగులో చెప్పిన. చెప్పడం అయిపోయినంక ఒక్క పిల్లవాడు కూడ ప్రశ్న అడగలే.

ఎందుకు అడగలేదో ఇంటికి పోయినంక తట్టింది. ఊళ్లో కూడ అప్పుడు బావులు కాదుగానీ మనుషులు ఎండిపోతుండిరి. ఏండ్ల తరబడి తాళ్లెక్కిన గౌడు ఒకనాడు చెట్టు మీదనుంచి జారిండు. అన్నం ముందర కూసున్న రైతు, మంచినీళ్లందుకుంటనే గోడకు ఒరిగిండు. మెట్‌పల్లి తొవ్వ మలుపు కాడి అవ్వ కోడలు కానుపు కష్టమై కన్నుమూసింది. లోపలి బిడ్డ కూడ దక్కలే. ఈ మూడు చావులూ ఒకదాని వెనుక ఒకటి అయినయి. ఇందులో మూడోదాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకపోదురు. మా ఇంటామె ఆ ఇంటి ముందునుంచి నీళ్లకు పోయేటప్పుడు కొంగు కడుపు మీదికి లాక్కునేది. ఆ కోడలికి అమాస నాడు నొప్పులు మొదలైనయట. దవాఖానకని అవ్వ బండి కట్టించింది. అమాస పూట పొలిమేర దాటొద్దని నలుగురూ చెప్తే విప్పించింది. తెల్లారేసరికి బండి అవసరం లేకుండ పోయింది.

పటేల్ మళ్లీ చావడికి పిలిపిచ్చిండు. ఈసారి ఆయన ఒక్కడే కాదు. ఊరి పెద్దమనుషులంతా గొంగళ్లు కప్పుకొని కూసున్నరు.

"సారూ, గా కొండ కింది ఊళ్లె ముందుగాల భూమి అదిరిందన్నవు గదా."

"అదిరింది పటేలా."

"బావులెండినయన్నవు."

"ఎండినయి."

"అంటే కీడు ముందుగాలనే చెప్పింది."

"అట్ల కూడ అనుకోవచ్చు," అన్న. ఇక్కడనే నేను ఆగాల్సింది.

"మరి గా ఊరోళ్లు కీడు వంటకు పోయిన్రా?"

కీడు వంట మా దిక్కు పాత ఆనవాయితీ. ఊళ్లో వరుసగా చావులైతే కీడు జొరబడ్డదంటరు. దాన్ని కొట్టి వెళ్లగొట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని ఊరే వెళ్లిపోతది. తెల్లారకముందే పిల్లా జెల్లా, గొడ్డూ గోదా, కోళ్లూ కుక్కలూ, అంతా పొలిమేర దాటి చేన్లల్లకు పోవాలె. పొయ్యిల్లో నీళ్లు పోసి ఆర్పాలె. తలుపులకు గొళ్లెం పెట్టి యాపకొమ్మ కట్టాలె. దినమంతా అక్కడనే వండుకొని తిని, పొద్దు గూకినంక డప్పు కొట్టుకుంట రావాలె. ఈలోగా కీడు ఇల్లిల్లూ వెతుకుతది. ఎవరూ కనబడరు. తప్పు ఊరికొచ్చిననుకొని వెళ్లిపోతది. ఇంత మర్యాదగా మోసపోయే దయ్యాన్ని నేను ఏ దేశం చరిత్రలోనూ చూడలే.

"లేదు పటేలా. అక్కడ ఆ ఆనవాయితీ లేదు," అన్న.

పటేల్ మంది దిక్కు తిరిగిండు. "ఇన్నరా? పోలే."

అంతే. ఇంకో మాట లేకుండ రేపటి ముహూర్తం ఖాయమైంది. మూఢనమ్మకాలను పారదోలమని ట్రైనింగులో నాకు చెప్పి పంపించిన్రు. నేను పోయి కీడు వంటకు రోమ్ సామ్రాజ్యం నుంచి సాక్ష్యం తెచ్చి ఇచ్చిన.

ఇంటికొచ్చి, మనం పోవద్దని మా ఇంటామెకు చెప్పిన. సర్కారు నౌకరి చేసేటోన్ని, నేనే పోతే ఎట్ల అన్న. ఆమె గిన్నెలు మూటగట్టుకుంటనే నా మాట పూర్తిగా విన్నది.

"నువ్వుండు. దర్వాజ కాడ సిపాయి లెక్క నిలబడు. తవ్వినోళ్లకు దొరుకుతవు."

తెల్లారకముందే చాప, గొడుగు పట్టుకొని ఆమె వెనుక నడిచిన.

చేన్లల్ల పగలంతా జాతర లెక్క ఉన్నది. ఇంటికో పొయ్యి, పొయ్యికో పొగ. మొగులు కమ్మి ఉన్నది గాని వాన పడలే. పిల్లలు తుమ్మ కొమ్మలకు ఉయ్యాలలు కట్టిన్రు. నాకు మెల్లగ ఒకటి తెలిసివచ్చింది. ఎవరూ ఊరి దిక్కు మొఖం పెట్టి కూసోలే. వండేటోళ్లు, తినేటోళ్లు, పండుకున్నోళ్లు, అంతా వీపులే ఊరికి పెట్టిన్రు. చెప్పి చేసింది కాదు. నేనొక్కన్నే తిరిగి చూసిన. చెరుకు తోట అవతల మా ఊరి కప్పులు కనబడ్డయి. ఒక్క కప్పు మీద పొగ లేదు. ఊరంటే ఇండ్లు అనుకునేవాణ్ని. పొగ పోతే ఏం మిగులుతదో అప్పుడు చూసిన. చూసిన కొద్దీ అది కూడ మా దిక్కు చూస్తున్నట్టు అనిపిచ్చింది. నేను కూడ వీపు తిప్పిన.

అన్నాలు తింటుండగా మా ఇంటామెకు నొప్పులు మొదలైనయి.

మొదలు నవ్వింది. "నీ బిడ్డకు కూడ తినే యాళ్లకే రావాలని యాదికొచ్చింది," అన్నది. తర్వాత నవ్వలే. ఉమ్మనీరు పోయింది, నొప్పి మీద నొప్పి వచ్చింది, బిడ్డ మాత్రం కిందికి దిగలే. మంత్రసాని చీరలు అడ్డం కట్టి చాలాసేపు చూసింది. ఆమె ఊరందరికీ పురుడు పోసిన ముసలమ్మ, నోరు పెద్దది. ఆ నోరు అప్పుడు మూతపడి ఉండుడు చూసి నాకు భయమైంది.

"సారూ, మలుపు కాడి పిల్లకు గిట్లనే అయింది," అని మెల్లగ చెప్పింది. "నా చేతుల్ల లేదు. మెట్‌పల్లి దవాఖానకు తోలుకపో. జల్ది."

చేన్ల వెనుక వాగు నిండుగా పారుతున్నది. మెట్‌పల్లి తొవ్వ ఒక్కటే, అది ఊరి నడుమ నుంచే పోతది. పొద్దు గూకకముందే ఊళ్లె అడుగు పెడితే, వెతుక్కుంట తిరిగే కీడుకు మనిషి వాసన దొరికినట్టే. నేను పటేల్ ముందర నిలబడ్డ. ఆయన పక్కన కూసున్నోళ్లు తలలు దించుకున్నరు.

"పొద్దు గూకేదాక ఆగుదం. జరంతల ఏమైతది," అని ఎవరో ఆడమనిషి అన్నది.

"ఆగినం గదా ఒకపారి."

అన్నది మలుపు కాడి అవ్వ. అందరికీ దూరంగ, తుమ్మచెట్టు కింద, ఒక్కతే కూసున్నది. కోడలు పోయిన నాటినుంచి కొడుకు తన చెల్లెలింటి కాడ ఉంటుండె. ఈమె ఒక్కతే ఇంట్లో. లేచి, పటేల్ దిక్కు చూడకుండనే బండి కాడికి నడిచింది.

"బండి నాది, ఎడ్లు నాయి. అప్పుడు నలుగురి మాట ఇని ఇప్పిచ్చిన. ఇప్పుడు కడుతున్న. ఇప్పెటోన్ని రమ్మను."

ఎవరూ రాలే. పటేల్ గడ్డం గోక్కున్నడు. ఆయనకు మా ఇంటామె అంటే బిడ్డ లెక్కనే. కానీ ఆయన వెనుక ఊరున్నది.

"ఇయ్యాల అది ఊరు కాదు," అన్నడు చివరికి. "మనం ఇడిశిపెట్టినం. ఇడిశిన ఊరు అడివి లెక్క. అడివిల నుంచి బండి పోతే ఆపుటానికి నేనెవన్ని?" తర్వాత నా దిక్కు వేలు చూపిచ్చిండు. "కానీ సారూ, నడుమ ఆగొద్దు. ఎవలను పేరు పెట్టి పిలువొద్దు, అది ఇంటే పేరు పట్టుకుంటది. అగ్గి ముట్టియ్యొద్దు."

పొద్దుగాల చేన్లల్ల పొయ్యిలు ముట్టిచ్చినంక అందరి అగ్గిపెట్టెలు ఒక గంపలో వేయించుకున్నరు. నా జేబులో సుద్దముక్క తప్ప ఏం లేదు.

బండి తోలేటందుకు ఎవరూ ముందుకు రాలే. నేనే పగ్గాలు పట్టిన. ఎడ్లతోని నా పరిచయం అప్పటిదాక పాఠ్యపుస్తకం వరకే. మంత్రసాని మాత్రం ఎవరినీ అడగకుండ బండెక్కి మా ఇంటామె తల ఒళ్లో పెట్టుకున్నది.

"నీకు భయం లేదా?" అని అడిగిన.

"కీడు నన్ను జూస్తే అదే పారిపోతది సారూ. నమ్మకపోతే మా ఇంటాయినను అడుగు."

ఎడ్ల మెడల గంటల్లో గుడ్డలు కుక్కి, బయలుదేరినం.

ఊరి మొదట్లో రెండు గోడల నడుమకు బండి రాంగనే చప్పుడు మారిపోయింది. చేన్లల్ల చక్రాల చప్పుడు ముందుకు పోతది. ఇక్కడ గోడలకు తగిలి వెనక్కి వస్తుండె. మా వెనుక ఇంకో బండి వస్తున్నట్టే ఉండె. నేను తిరిగి చూడలే. అన్ని తలుపులకూ యాపకొమ్మలు. సాలె ఇంటి కిటికీలోంచి మగ్గం కనబడ్డది. సగం నేసిన చీర, దాని మీద పోగు దూర్చే నాడె పెట్టిన కాడనే ఉన్నది. ఒక అరుగు మీద సగం ఒలిచిన మక్కకంకులు. ఒక గోడ మీద ఎవరో తడి చేతితో పట్టుకున్న గుర్తు. పుస్తకంలో బొమ్మ చూపించి పిల్లలకు చెప్పిందంతా బూడిద లేకుండ, కొత్తగా, నా ముందు పెట్టి ఉన్నది. ఆ పాంపేయి చూసేటందుకు దేశదేశాలనుంచి మంది టికెట్ కొనుక్కొని పోతరట. ఎందుకు పోతరో నాకు ఆనాడు అర్థం కాలే.

పిచ్చుకలు కూడ లేవు. గింజల వెంబడి, మంది వెంబడి అవి కూడ చేన్లల్లకు పోయినయి. దీన్ని నేను ఊహించలే.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఏందంటే, మా ఇంటామె మూలుగుడు ఆపేసింది. చేన్లల్ల గట్టిగ అరిచిన మనిషి, ఊళ్లెకు రాంగనే కొంగు నోట్లె కుక్కుకున్నది. ఏడ్చినా ఎవరో వింటరన్నట్టు. నేను ఆమె పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్న. బి.ఏ. చదివిన నోరు అది.

మలుపు కాడ మెట్‌పల్లికి కుడిదిక్కు తిరగాలె. నేను కుడిదిక్కు పగ్గం గుంజిన. ఎడ్లు ఎడమదిక్కు తిరిగినయి. ఇంకా గుంజిన. అవి నన్ను పట్టించుకోకుండ నాలుగు అంగలేసి, ఒక వాకిట్లోకి దూరి, కొట్టం ముందర నిలబడి, తోకలు ఊపినయి. వాళ్ల ఇల్లు అది. మలుపు కాడి అవ్వ ఇల్లు. ఎడ్లకు కీడు సంగతి ఎవరూ చెప్పలే, మెట్‌పల్లి సంగతి కూడ చెప్పలే. రోజూ పొద్దుమాపు వచ్చే తొవ్వన వచ్చినయి. చేన్లల్ల నిలబడి ఆలోచించిన ఊరంతట్లో ఈ మాట ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టే సవాలే లేదు.

నేను దిగి కొమ్ములు పట్టుకొని వెనక్కి నూకుతుండగా మంత్రసాని అరిచింది.

"ఎడ్లను ఇడువు సారూ! బిడ్డ దిగుతున్నది. గా కుదుపులకే దిగింది. ఈమెను పట్టు!"

ఇద్దరం మోసి అరుగు మీద పండపెట్టినం. కొన్ని దినాల ముందు ఇంకో మనిషిని మోసింది కూడ ఆ అరుగు మీదినుంచే. నాకు ఆ సంగతి తెలుసు, మంత్రసానికి తెలుసు, మా ఇంటామెకు తెలుసు. ముగ్గురం ఒకరి మొఖం ఒకరు చూసుకోలే.

"నీళ్లు కావాలె. కాగినయి లేకపోతే చల్లనియ్యన్న తే," అన్నది మంత్రసాని.

యాపకొమ్మ పీకి, గొళ్లెం తీసి లోపలికి పోయిన. చీకటి అర్ర, దాని వెనుక వంటిల్లు. పొయ్యి మీద కాగు ఉన్నది, మీద మూత ఉన్నది. చల్లనీళ్లన్న ఉంటయి గదా అనుకొని మూత తీసిన. నా కండ్లద్దాల మీద తెల్లగ ఆవిరి కమ్మింది.

అద్దాలు తుడుచుకున్న. వేలు పెట్టిన, చురుక్కుమన్నది. పొయ్యిలో ఏమున్నదో వంగి చూడొచ్చు. చూడలే. చరిత్ర చదివినవాడు ఆధారాల దిక్కు చూడకపోవుడు మంచి పద్ధతి కాదు. కానీ నా వీపు వెనుక ఆ ఇంట్లో ఎవరో నేను తొందరగా పోవాలని చూస్తున్నట్టు అనిపిచ్చింది. పొమ్మని తరుముతున్నట్టు కాదు. ఆలస్యం చెయ్యకని చెప్పినట్టు. బిందె ముంచుకొని బయటకు ఉరికిన.

మంత్రసాని చెయ్యి పెట్టి చూసింది. "మంచిగ కాగినయి. తెలివైన సారువే, ఎట్లనో ముట్టిచ్చినవు."

నేను బిందె దించి ఆమె పక్కన పెట్టిన.

పొద్దు వాలుతుండగా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మొదలు కొంచెంసేపు ఏడ్వలే. ఆ కొంచెంసేపు ఊరంతా మాతోపాటు ఊపిరి బిగబట్టినట్టున్నది. తర్వాత ఏడ్చింది. మొత్తం ఊళ్లె ఉన్న ఒకే ఒక్క చప్పుడు అది. గోడ గోడకూ తగిలి తిరిగింది.

మా ఇంటామె కండ్లు తెరిచి, "ఇంత నోరు నాది కాదు," అన్నది. అప్పుడు నేను అరుగు మెట్టు మీద కూసున్న.

ఆమెకు నెత్తురు ఇంకా ఆగుతలేదు, బండెక్కియ్యొద్దన్నది మంత్రసాని. కదిలిస్తే మనిషి దక్కదన్నది. అట్లనే పొద్దు గూకింది. పొలిమేర దిక్కునుంచి డప్పు మొదలైంది, దగ్గరికొచ్చింది, ఒక్కసారిగా ఆగిపోయింది. నాకు ఒక నిమిషం అర్థం కాలే. వాళ్ల చెవులతోని విన్నంకనే అర్థమైంది. ఎవరూ లేని ఊళ్లోంచి, తల్లీబిడ్డా పోయిన ఇంట్లోంచి, పసిపిల్ల ఏడుపు వస్తున్నది.

సంగతి చెప్దామని ఎదురు పోయిన. నన్ను చూసి మంది ముందుకు రాలే, వెనక్కి జరిగిన్రు. పటేల్ ఒక్కడే నిలబడ్డడు. చేతిలోని లాంతరు నా మొఖం దిక్కు ఎత్తిండు.

"సారూ, నువ్వు సారువేనా?"

"నేనే పటేలా."

"కాళ్లు జూపియ్యి."

ధోతి ఎత్తి పాదాలు చూపిచ్చిన. లాంతరు దించి, మడమలు వెనుకనే ఉన్నయా లేవా అని ఆయన చూసిండు, వెనుకున్నోళ్లు చూసిన్రు. యూనివర్సిటీ పరీక్షల్లో కూడ నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ దిద్దలే. పాసైనంక ఎడ్ల సంగతి, బిడ్డ సంగతి చెప్పిన. ఆడవాళ్లు కొందరు నిట్టూర్చిన్రు. అయిపోయిందనుకున్న.

"మరి పొగ?" అన్నడు పటేల్. "మలుపు దిక్కు సన్నగ పొగ లేచుడు తాళ్లల్ల ఉన్నోళ్లు జూసిన్రు. అగ్గి ఎవలు ముట్టిచ్చిన్రు సారూ?"

నేను ముట్టిచ్చిన అంటే ఆన తప్పినట్టు; అమ్మవారికి చేసుకునేదాక తల్లీబిడ్డను పొలిమేర అవతల మంచె కింద ఉంచాలె. మొగులు ఉరుముతున్నది. కదిలిస్తే మా ఇంటామె దక్కదని మంత్రసాని చెప్పనే చెప్పింది. ముట్టియ్యలే, నీళ్లు వాటంతట అవే కాగినయి అంటే, ఆ నీళ్లతోని తానం చేసిన పసిగుడ్డును ఏమంటరో ఆలోచించెటానికే ధైర్యం చాలలే. నేను నోరు తెరిచిన.

"పొయ్యి ఆర్పుడు నేనే మర్శిన," అన్నది అవ్వ మంది నడుమనుంచి.

ఒక్కసారిగా గోలైంది.

"నీకు తెలివున్నదా ముసల్దానా! ఊరంతా ఆర్పితే నువ్వొక్కదానివి!"

"మనుసు మంచిగ లేకుండె," అన్నది ఆమె. "కొట్టుతె కొట్టున్రి."

ఎవరు కొడ్తరు? పటేల్ ఆమె దిక్కు చాలాసేపు చూసిండు. ఆయనకు ఏమర్థమైందో నాకు తెలువదు. ఆ మనిషి మొఖంలో ఏదీ రాసి ఉండదు.

"అమ్మవారికి మేకపోతు నువ్వే ఇయ్యాలె," అని తీర్పు చెప్పిండు. తర్వాత మంది దిక్కు తిరిగిండు. "కీడు ఎల్లిపోతెనే గదా బిడ్డ వచ్చింది. ఉన్న ఇంట్లకు ఎవలొస్తరు? కొట్టున్రి డప్పు."

డప్పు మోగింది. ఊరు ఊళ్లెకు వచ్చింది. కొంచెంసేపటికే గొళ్లాల చప్పుడు, గొడ్ల అరుపులు, కప్పుల మీద పొగ.

అవ్వ తన ఇంటికొచ్చేసరికి మా ఇంటామెను అరుగు మీదనుంచి అర్రలోకి, నులకమంచం మీదికి చేర్చినం. నెత్తురు ఆగవట్టింది, మంత్రసాని మాటలు మళ్లీ మొదలుపెట్టింది, అది మంచి గుర్తు. నేను అప్పటికి నాకు కావాల్సిన జవాబు తయ్యారు చేసుకున్న. పిడకల నిప్పు బూడిద కింద దినమంతా ఉంటది. అవ్వ మరిచిపోయింది. కాగు కాగింది. బి.ఏ. చదివినవాణ్ని నిద్రపుచ్చేటందుకు ఇది చాలు.

అవ్వ మంచం పక్కన నేల మీద కూసున్నది. బిడ్డను ముట్టుకోలే. మా ఇంటామె దిక్కు ఒరిగి, ఇంకెవరికీ వినబడకుండ చెప్పింది గానీ, నేను దర్వాజ కాడనే ఉన్న.

"పొద్దుగాల నా చేతులతోనే పొయ్యిల నీళ్లు పోసిన బిడ్డా. బూడిదంతా బురదైంది."

నేను నోరు తెరిచిన, పిడకల సంగతి చెప్దామని. ఆమె నాతోని మాట్లాడుతలేదు.

"నీళ్లు సరిపోయినయా?"

మా ఇంటామె నా దిక్కు చూసింది, తర్వాత ఆమె దిక్కు చూసింది. నవ్వించే మనిషి, ఆనాడు మాత్రం ఏ పరాచికమూ ఆడలే.

"సరిపోయినయి అవ్వా. ఎచ్చగ, మంచిగుండె."

అవ్వ తలూపింది, తనవాళ్ల క్షేమం ఎవరో దారినపోయేవాళ్లు తెచ్చి చెప్పినట్టు.

"నా కోడలికి ఆనాడు నీళ్లు ఎవలం కాగవెట్టలే," అన్నది. "బండి కట్టుడు, మళ్ల ఇప్పేసుడు. గదాంట్లనే తెల్లారింది."

లేచి వంటింట్లోకి పోయింది. దీపం ముట్టియ్యలే. కాగు మీద మూత తీసిన చప్పుడైంది. నేను రెండడుగులు పోయి చూసిన. అవ్వ నీళ్లల్ల చెయ్యి పెట్టి నిలబడ్డది. చాలాసేపు తియ్యలే.